ఊహకూ ఒక నియమం

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయం ఉంది. ఏటా మార్చి రెండోవారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ, మబ్బు పట్టని ఉదయాల్లో బాలసూర్యుని కిరణాలు ద్వారాలు దాటి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ కొద్ది నిమిషాల దృశ్యం కోసం భక్తులు తెల్లవారకముందే బారులు తీరి నిలుచుంటారు.

ఈ దృశ్యాన్ని కథకుడు రెండు విధాలుగా కథగా మలచవచ్చు. ఆ వెలుగు సోకిన ఒక పేదబాలునికి అపూర్వమైన శక్తి లభించిందని మొదలుపెడితే అది అద్భుత కల్పన అవుతుంది. రెండో విధానానికి కొంత లెక్క కావాలి. మార్చిలోని ఆ రోజులు, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుకు సుమారు పది రోజుల ముందు వస్తాయి. అక్టోబరులోని రోజులు మరొక విషువత్తుకు సుమారు పది రోజుల తరువాత వస్తాయి. కనుకనే ఆ రెండు సందర్భాల్లోనూ సూర్యుడు ఇంచుమించు ఒకేచోట ఉదయిస్తాడు. ఈ లెక్కను ఎరిగిన ఒక ప్రాచీన స్థపతిని నాయకునిగా చేసుకొని, అతని జ్ఞానం ఇంకా ముందుకు సాగి ఉంటే లోకం ఏమయ్యేదని ప్రశ్నిస్తే అది విజ్ఞాన కల్పన అవుతుంది. మొదటిది ఆశ్చర్యాన్ని ఆశ్చర్యంగానే స్వీకరిస్తుంది. రెండోది ఆశ్చర్యానికి కారణాన్ని వెదకి, ఆ కారణం నుండి మరొక ఆశ్చర్యాన్ని పుట్టిస్తుంది.

ఈ రెండు ప్రక్రియలూ నేడు గ్రంథమాలలుగా, చలనచిత్ర పరంపరలుగా యువతరాన్ని ఎంతగానో ఆకర్షిస్తున్నాయి. వాటిని మెచ్చుకొనేవారున్నారు, కాలక్షేపమని తీసిపారేసేవారూ ఉన్నారు. మెచ్చుకోవడానికైనా, విమర్శించడానికైనా ఒక గీటురాయి అవసరం. అటువంటి గీటురాయి ఏమిటో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథలోని కార్యకారణ సంబంధం

తెలుగు పిల్లలు మొదట వినే కథల్లో ఏడు చేపల కథ ఒకటి. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్నతో మొదలై, గడ్డిమోపు, ఆవు, పాలేరు మీదుగా ఆ కథ చీమ వరకు సాగుతుంది. చేపా చీమా మాట్లాడడం అసంభవం. అయినా ప్రతి 'ఎందుకు'కూ కథలో సమాధానం ఉంది. మాట్లాడే చేపను నమ్మిన పసివాడు, సమాధానం లేని ప్రశ్నను మాత్రం ఒప్పుకోడు. దీనినిబట్టి కల్పనా సాహిత్యానికి మూలసూత్రం ఒకటి గ్రహించవచ్చు. లోకంలో లేనిదానిని కథకుడు సృష్టించవచ్చు. కాని తాను సృష్టించిన లోకానికి తానే లోబడి ఉండాలి.

మంత్రాలకు చింతకాయలు రాలవని మన సామెత. అద్భుత కథలో రాలవచ్చు. అయితే ఎవరు జపించాలి, ఎన్ని కాయలు రాలుతాయి, అందుకు ఏ మూల్యం చెల్లించాలి అన్నది ముందుగానే తేలిపోవాలి. మూల్యం లేని మంత్రం కథను కూలదోస్తుంది.

ధారావాహికల సంప్రదాయం

కథను పరంపరగా చెప్పే పద్ధతి మనకు కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా కూర్చిన 'కాశీమజిలీ కథలు' ఇందుకు చక్కని నిదర్శనం. కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధుడు తన వెంట వచ్చిన గోపబాలునికి ప్రతి మజిలీలో ఒక కథ చెబుతాడు. నడక అలసటను మరపించేది కథ. కథను ముందుకు నడిపించేది యాత్ర.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి నెలకొల్పిన 'చందమామ' ఈ సంప్రదాయాన్ని మాసపత్రికలోకి తెచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం రచించిన 'తోకచుక్క' 1954లో ప్రారంభమైంది. ఆ తరువాత 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'పాతాళదుర్గం' వంటి ధారావాహికలు వెలువడ్డాయి. నెలనెలా ఒక ప్రమాదపు అంచున కథ ఆగిపోయేది. తరువాతి సంచిక చేతికి అందేవరకు పాఠకులు ఎవరికి వారు తమ ఊహతో కథను కొనసాగించుకొనేవారు. చదవడానికీ చదవడానికీ మధ్యనున్న ఆ విరామమే ధారావాహికకు గొప్ప బలం. అది పాఠకుణ్ణి సహరచయితగా మారుస్తుంది.

ఇక్కడ ఒక విశేషం గమనించదగింది. 1952 నుండి 1980లో మరణించేవరకు 'చందమామ' సంపాదక బాధ్యతలు నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం చదివినవారు. హేతువాద దృష్టి గలవారు. అటువంటి వ్యక్తి మాంత్రికులూ భూతాలూ ఉన్న కథలను దశాబ్దాలపాటు పిల్లలకు అందించారు. కథలోని భూతం వేరు, జీవితంలోని మూఢవిశ్వాసం వేరు అని ఆయనకు తెలుసు. కల్పనా సాహిత్యం మూఢనమ్మకాలను పెంచుతుందని వాదించేవారు ఈ విషయాన్ని తప్పక ఆలోచించాలి.

రాజాంలో పుట్టిన మాయాలోకం

తెలుగు అద్భుత కల్పనకు తెరపై రూపమిచ్చినవారిలో అగ్రగణ్యుడు పింగళి నాగేంద్రరావు. ఆయన 1901 డిసెంబరు 29న రాజాంలో జన్మించారు. చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ పట్టణం 2022లో జరిగిన పునర్విభజనతో విజయనగరం జిల్లాలో చేరింది. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961) చిత్రాలకు ఆయన రచన చేశారు. మూడింటికీ దర్శకుడు కె.వి. రెడ్డి.

'పాతాళభైరవి' కథను పరిశీలిస్తే ముందు చెప్పిన సూత్రం స్పష్టమవుతుంది. ఉజ్జయినిలో తోటమాలి కుమారుడైన రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. ఐశ్వర్యం సంపాదించి రమ్మని రాజు అతనికి షరతు పెడతాడు. నేపాళ మాంత్రికుడు అతణ్ణి బలియిచ్చి, కోరినదంతా ఇచ్చే ప్రతిమను పొందాలని చూస్తాడు. తుదకు తానే బలి అవుతాడు. ఆ ప్రతిమ రాముని చేతికి వస్తుంది. అయితే కథ అక్కడితో ముగియలేదు. శిష్యుడు మాంత్రికుణ్ణి బ్రతికిస్తాడు. ప్రతిమ మాంత్రికుని చేతికి చిక్కగానే రాముని సౌధం, సంపద, ప్రియురాలు అన్నీ చేజారిపోతాయి.

ఇందులోని ధర్మసూక్ష్మం ఏమిటి? ప్రతిమకు మంచివాడు, చెడ్డవాడు అన్న భేదం లేదు. ఎవరి చేతిలో ఉంటే వారికే అది ఊడిగం చేస్తుంది. నాయకుడన్న అభిమానంతో రచయిత నియమాన్ని సడలించలేదు. దానిని తిరిగి దక్కించుకోవడానికి రామునికి ధైర్యమూ, యుక్తీ, అంజిగాడి వంటి మిత్రుని తోడూ అవసరమయ్యాయి. శ్రమించకుండా వచ్చిన ఐశ్వర్యం నిలవదన్న లోకసత్యాన్ని ఆ చిత్రం ఉపన్యాసంగా చెప్పలేదు. కథలోని నియమమే ఆ మాట చెప్పింది.

'మాయాబజార్'లోని 'ప్రియదర్శిని' పెట్టె మరొక ఉదాహరణ. మూత తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు దర్శనమిస్తాడు. దూరాన ఉన్నవారిని చూపే పరికరాలు నేడు మన అరచేతిలోకి వచ్చాయి. వాటిని చూసిన మనకు ఆ పెట్టె భవిష్యత్తును ఊహించినట్లు తోచవచ్చు. కాని దాని గొప్పతనం అందులో లేదు. ఆ పెట్టె దృశ్యాన్ని చూపడంతోపాటు, చూసేవారి మనస్సును కూడా బయటపెడుతుంది. అద్భుత వస్తువు పాత్ర స్వభావాన్ని వెల్లడించినప్పుడే కథలో దానికి సార్థకత కలుగుతుంది.

మాయాలోకానికి తగిన భాషను కూడా పింగళి కల్పించారు. 'అసమదీయులు', 'తసమదీయులు' వంటి మాటలు చిత్రాన్ని దాటి జనవ్యవహారంలో స్థిరపడ్డాయి. కల్పితలోకపు మాట నిజలోకపు నాలుక మీద నిలవడం కంటే కథకునికి వేరే సన్మానం ఏముంటుంది?

విజ్ఞాన కల్పన సాధించినది

విజ్ఞాన కల్పనలో తెలుగువారి కృషి ఇంత విస్తృతంగా లేదు. అయినా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో విడుదలైన 'ఆదిత్య 369' చెప్పుకోదగిన ప్రయత్నం. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో 'ది టైమ్ మెషిన్' నవలలో కాలయంత్రాన్ని ప్రధాన వస్తువుగా చేసుకొన్నాడు. సింగీతం ఆ యంత్రాన్ని శ్రీకృష్ణదేవరాయల ఆస్థానానికి నడిపించారు. అక్కడి నుండి ఇరవయ్యారో శతాబ్దికి తీసుకొనిపోయారు. ఆ భవిష్యత్తులో యుద్ధం మిగిల్చిన రేడియోధార్మికతకు వెరచి మానవులు భూగర్భంలో జీవిస్తుంటారు. గతవైభవాన్ని చూపి గర్వపడమన్న కథే, రాబోయే వినాశాన్ని చూపి జాగ్రత్తపడమని కూడా చెప్పింది. విజ్ఞాన కల్పనకు పరమప్రయోజనం ఈ హెచ్చరికే.

ప్రపంచ సాహిత్యంలో ఐజాక్ ఆసిమోవ్ రచించిన 'ఫౌండేషన్' కథామాల ప్రసిద్ధమైనది. 1942 నుండి పత్రికలో వెలువడిన ఆ కథలు 1951, 1953 సంవత్సరాల మధ్య మూడు సంపుటాలుగా వచ్చాయి. ఒక వ్యక్తి నడతను ముందుగా చెప్పలేకపోయినా, కోట్లాది జనుల గమనాన్ని గణితంతో అంచనా వేయవచ్చునన్నది ఆ లోకపు నియమం. నియమంలోనే దాని పరిమితి కూడా ఉంది. అంచనాకు అందని ఒక్క అసాధారణ వ్యక్తి పుడితే లెక్క తప్పిపోతుంది. ఆసిమోవ్ సరిగ్గా అటువంటి వ్యక్తిని ప్రవేశపెట్టి కథను మలుపు తిప్పాడు. నియమాన్ని ఉల్లంఘించకుండా దాని అంచులోనే కొత్త కథను కనుగొనడం ఉత్తమ రచయిత లక్షణం.

లోపాలు

బలాలు చెప్పుకొన్నట్లే బలహీనతలనూ నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి.

మొదటి లోపం నియమభంగం. జె.కె. రౌలింగ్ రచించిన 'హ్యారీ పాటర్' ఏడు సంపుటాలుగా 1997 నుండి 2007 వరకు వెలువడి, కోట్లాది బాలబాలికలను పుస్తకాలవైపు మళ్లించింది. ఆ మేలు సామాన్యమైనది కాదు. అయితే 1999లో వచ్చిన మూడో సంపుటంలో కాలాన్ని వెనుకకు తిప్పే చిన్న పరికరం ఒకటి ప్రవేశించింది. కథ రక్తికట్టింది, కాని ఒక చిక్కు మిగిలింది. అటువంటి పరికరం ఉండగా తరువాతి అనర్థాలను ఎందుకు నివారించలేదు? 2003 నాటి అయిదో సంపుటంలో ఆ పరికరాలు భద్రపరచినచోటే పగిలిపోయినట్లు చూపవలసివచ్చింది. ఒక్క సంపుటానికి సరిపోయే అద్భుతం, పరంపర మొత్తానికి బరువు కాగలదని దీనివల్ల తెలుస్తుంది.

రెండో లోపం సాగదీత. పాఠకుల ఆదరణ ఉన్నంతకాలం కథను ముగించడానికి ప్రకాశకులకూ నిర్మాతలకూ మనసొప్పదు. 'ఫౌండేషన్'ను ఆసిమోవ్ మూడు దశాబ్దాల తరువాత, 1982లో, మళ్లీ కొనసాగించాడు. ఆ కొనసాగింపు కొందరికి ఆనందం కలిగించింది. మొదటి ప్రణాళిక సాంద్రత పలచబడిందని మరికొందరు భావించారు. మన చిత్రాల్లో 2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్నవద్ద ఆగి, రెండేళ్లపాటు దేశాన్ని ఎదురుచూసేట్లు చేసింది. 2017లో సమాధానం లభించింది కనుక ఆ నిరీక్షణకు న్యాయం జరిగింది. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.' మహాభారతాన్నీ భవిష్యత్తునూ ముడివేసిన సాహసోపేతమైన ఊహ. అయినా కథ మధ్యలోనే నిలిచిపోయిందన్న అసంతృప్తి ఆ భాగాన్ని చూసిన కొందరిలో కలిగింది. పరంపరలో ప్రతి భాగానికీ తనదైన ముగింపు ఉండాలి. తరువాతి భాగానికి ఆహ్వానమూ ఉండాలి. ఒకటి లేకుంటే రెండోది అప్పుగా మిగులుతుంది.

మూడో లోపం స్త్రీ పాత్రల చిత్రణ. మన జానపద చిత్రాల్లోనూ, ధారావాహికల్లోనూ రాకుమారి తరచుగా గెలుచుకోవలసిన బహుమానంగా మిగిలిపోయింది. సాహసం పురుషునిది, నిరీక్షణ స్త్రీది అన్న విభజన లోకంలో లేని ద్వీపాలను కల్పించినవారిని కూడా వదలలేదు. ఏడు సముద్రాల ఆవలికి వెళ్లిన ఊహ ఇంటిగడప దాటలేకపోవడం విచారకరం.

అందరిలోకీ గంభీరమైన లోపం

పై మూడూ రచనకు సంబంధించిన లోపాలు. నాలుగోది మనుషులకు సంబంధించినది. అద్భుత కల్పనల్లో అడవిలో నివసించేవారిని నల్లని దేహాలతో, వికృతమైన ముఖాలతో, రక్తపిపాసులుగా చూపడం పరిపాటిగా మారింది. 'బాహుబలి'లోని కాలకేయులు ఇందుకు ఉదాహరణ. వారికోసం రచయిత మదన్ కార్కీ 'కిలికి' అనే భాషను ప్రత్యేకంగా నిర్మించారు. లోకకల్పనలో అది మెచ్చదగిన శ్రద్ధ. కాని అంత శ్రద్ధతో ఇచ్చిన భాషలో వారు బెదిరింపులు తప్ప తమ కష్టసుఖాలు చెప్పుకోలేదు. పాశ్చాత్య సాహిత్యంలోనూ ఈ దోషం లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కీన్ 1954, 1955 సంవత్సరాల్లో ప్రకటించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో కల్పిత జాతులకు వ్యాకరణ సహితమైన భాషలను కూర్చాడు. అయినా ఒక జాతిని జాతిగానే దుష్టంగా చిత్రించాడన్న విమర్శ ఆయనను వీడలేదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల విద్యార్థులకు ఈ విషయం దూరమైనది కాదు. సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవరలు, జాతాపులు తరతరాలుగా జీవిస్తున్నారు. వారి పిల్లలు మన కళాశాలల్లో మన పక్కనే కూర్చొని చదువుకొంటున్నారు. కొండజాతివారిని రాక్షసులుగా చూపిన కథకు తరగతి అంతా చప్పట్లు కొడుతుంటే, ఆ పిల్లల మనస్సు ఎంత నొచ్చుకొంటుందో ఊహించాలి. ఇతరుల మనస్సులో ప్రవేశించి చూడడమే ఊహకు మొదటి ప్రయోజనం కదా!

ఈ సందర్భంలో గిడుగు వెంకటరామమూర్తిని స్మరించడం సముచితం. 1863లో శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. సంతకు వచ్చే సవరల మాటలను ఆయన వింతగా చూసి వదిలిపెట్టలేదు. ఆ భాషను నేర్చుకొన్నారు. ఏళ్ల తరబడి శ్రమించి వ్యాకరణాన్ని, నిఘంటువును కూర్చారు. సవర పిల్లలు తమ భాషలో చదువుకోవాలని పాటుపడ్డారు. టోల్కీన్ లేని జాతులకు భాషలను కల్పిస్తే, గిడుగు ఉన్న జాతి భాషను లోకానికి వినిపించారు. కల్పనా రచయితకు ఇద్దరి గుణాలూ కావాలి. కల్పించే శక్తి మొదటివారి నుండి, ఆలకించే వినయం రెండోవారి నుండి నేర్చుకోవాలి.

రెండు ప్రశ్నలు

ఇంతవరకు చర్చించిన దానినిబట్టి కల్పనా సాహిత్యాన్ని పరీక్షించడానికి రెండు ప్రశ్నలు చాలునని చెప్పవచ్చు. ఈ కథ తన నియమాన్ని తాను పాటించిందా? ఇందులోని మనుషులను, శత్రువులతో సహా, మనుషులుగా చూసిందా? మొదటి ప్రశ్నకు నిలిచిన కథ మన బుద్ధికి తృప్తినిస్తుంది. రెండో ప్రశ్నకు కూడా నిలిచిన కథ మన హృదయాన్ని విశాలం చేస్తుంది. దృశ్యవైభవం, యుద్ధాలు, యంత్రాలు ఈ రెండింటికీ తోడైతే శోభిస్తాయి. వీటికి బదులు కాలేవు.

చివరగా మరొక మాట. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చింది. అక్కడి ప్రజలను చాలాకాలంగా పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు నిశ్చయంగా తేల్చలేదు. నీరా, నేలా, ఎండలో చేసే శ్రమా అన్న ప్రశ్నలు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. ఇంతకంటే గంభీరమైన విజ్ఞాన కల్పనా వస్తువు ఏముంటుంది? నూరేళ్ల తరువాత ఉద్దానం ఎలా ఉంటుంది? ఆ వ్యాధి రహస్యాన్ని ఛేదించే బాలిక ఏ ఊరిలో పుడుతుంది? ఈ కథలను లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో కూర్చొన్నవారు రాయలేరు. ఆ నీరు తాగి, ఆ గాలి పీల్చి పెరిగినవారే రాయాలి.

రాజాంలో పుట్టిన ఒక బాలుడు పెరిగి పెద్దవాడై తెలుగువారందరికీ ఒక మాయాలోకాన్ని ఇచ్చాడు. ఆ మార్గం ఇంకా తెరిచే ఉంది. చక్కగా చదివి, నిర్భయంగా ప్రశ్నించి, నియమబద్ధంగా ఊహించగల విద్యార్థులు ఆ బాటలో నడవడానికి ఈ పాఠం ప్రేరణ కావాలి.

అభ్యాసం

1. అద్భుత కల్పనకు, విజ్ఞాన కల్పనకు గల భేదాన్ని పాఠం ఆధారంగా సోదాహరణంగా వివరించండి.
2. 'పాతాళభైరవి'లోని ప్రతిమ ద్వారా పింగళి నాగేంద్రరావు పాటించిన కథానియమాన్ని విశ్లేషించండి.
3. ధారావాహికల్లో కనిపించే లోపాలను పేర్కొని, వాటిలో మీకు అతి ముఖ్యమని తోచినదానిని గురించి రాయండి.
4. గిడుగు వెంకటరామమూర్తి కృషిని ఈ వ్యాసంలో ప్రస్తావించడంలోని ఔచిత్యం ఏమిటి?
5. మీరు చదివిన లేదా చూసిన ఒక కల్పిత కథను, పాఠంలోని రెండు ప్రశ్నలతో పరీక్షించి, మీ అభిప్రాయాన్ని ఒక పుటకు మించకుండా రాయండి.